నామంకొమ్ము మీద నేరం

మా బావ కుడికన్ను ఎర్రబడిందని అక్క ఫోను చేసినప్పుడు నేను చిత్తూరులో ఒక సభకు బయలుదేరుతున్నాను. మాట్లాడాల్సింది మూఢనమ్మకాల గురించే. "ఆపరేషను చేసిన కన్ను కదక్కా, ఎర్రబడటం మామూలే, చుక్కలు వెయ్యండి" అన్నాను.

"చుక్కలు ఏస్తానే ఉండాం. వెలుతురు సూడలేకుండా ఉండాడు. గంజిలోంచి సూసినట్టుండాదంట. నువ్వు బిన్నా రా, ఆలస్యం చెయ్యద్దు" అంది అక్క.

సభకు వెళ్ళలేదు. తిరుపతి బస్సు ఎక్కాను.

మా బావ తిరుపతి పాతూరి వీధుల్లోనే పుట్టి పెరిగిన మనిషి. యాత్రికులను వ్యానులో కొండకు తీసుకుపోయి దించి రావడం ఆయన పని. కిందటేడు నుంచి ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు పువ్వుల్లాగా విచ్చుకుని కనబడుతున్నాయని చెబితే పరీక్ష చేయించాం. రెండు కండ్లలోనూ శుక్లం. కుడికన్ను బాగా ముదిరిందన్నారు. తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆ కంటికి ఆపరేషను అయింది. గంగమ్మ జాతరకు కొద్ది వారాల ముందు సంగతి అది. ఆ కన్ను బాగుపడితేనే ఆయన మళ్ళీ కొండ దారిలో స్టీరింగు పట్టేది. రెండో కంటికి కూడా ఆపరేషను చెయ్యాల్సి ఉంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవడానికి లేదు.

నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఇంట్లో కిటికీలన్నీ మూసి, ఒక దానికి నల్లదుప్పటి కట్టి ఉంది. బావ ముఖం మీద తడి తువ్వాలు వేసుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు.

"వచ్చినావా ఉపన్యాసం?" అన్నాడు తువ్వాలు తీయకుండానే. ఆయన నన్ను పిలిచేది అట్లాగే.

"కన్ను చూపించు బావా."

"సూపిస్తా గానీ ముందు ఆ తలుపు ముయ్యప్పా."

ఫోను లైటును పక్కకు తిప్పి చూశాను. రెప్ప వాచింది. నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి కట్టు కట్టినట్టుంది. గుడ్డు మీద ఉండాల్సిన మెరుపు లేదు. నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే ఇంకొకటి కూడా చూశాను. చెవి వెనక, వెంట్రుకల మొదట్లో తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"ఇదేంది?"

బావ తువ్వాలు మళ్ళీ ముఖం మీదికి లాక్కున్నాడు. అక్క చెప్పింది. "వేషం ఏసినాడు గదా, జాతరలో. బైరాగి వేషం."

తిరుపతి వాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను. గంగమ్మ జాతరలో మొక్కు ఉన్నవాళ్ళు రోజుకొక వేషం కడతారు. బైరాగి వేషానికి ఒళ్ళంతా, ముఖమంతా నామంకొమ్ము పూసుకుంటారు. నుదుట నామం పెట్టుకునే తెల్లమట్టి అది. నీళ్ళలో కలిపి పట్టిస్తే ఆరి, పగిలి, రాలుతూ ఉంటుంది. కంటి ఆపరేషను జరిగిన మనిషి ఆ మట్టి పూసుకుని ఎండలో, దుమ్ములో, జనంలో తిరిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "కత్తి పెట్టిన కంట్లో మట్టి కొట్టుకున్నావా బావా? ఇంట్లో వాళ్ళంతా చూస్తూ ఊరుకున్నారా?"

"మొదులుపెట్టినాడు తల్లీ, ఉపన్యాసం" అన్నాడు బావ గోడవైపు తిరిగి.

సాయంత్రానికి ఆయన్ను ఆపరేషను చేసిన ఆసుపత్రికే తీసుకుపోయాం. డాక్టరు చాలా మర్యాదస్థుడు, తొందర మనిషి. దీపం ముందు బావ గడ్డం ఆనించి కంట్లోకి చూశాడు. తర్వాత వెనక్కి వాలి, "ఏం చేశారు?" అని అడిగాడు. ఏమైంది అనలేదు, ఎప్పట్నుంచి అనలేదు. ఏం చేశారు అన్నాడు.

అక్క భయపడి ఉంది. "జాతరలో వేషం కట్టినాడు సార్, మట్టి పూసుకొని" అనేసింది.

డాక్టరు ముఖం తేటపడింది. ఆ మాట బాగా ఆలోచించే రాస్తున్నాను. కోపం వచ్చిన ముఖం వేరు, తేటపడిన ముఖం వేరు. "మట్టా? ఆపరేషను అయిన కంటికి మట్టి పూసుకున్నారా? ఇంక మేమేం చేస్తామమ్మా? మీ నమ్మకాలు మీ కండ్లు పోగొట్టుకునేదాకా వదలవు" అన్నాడు. నావైపు తిరిగి, "మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, మీరైనా చెప్పొద్దా?" అన్నాడు. నేను తల ఊపాను. ఎన్నో వేదికల మీద నేను చెప్పిన మాటలే అవి. తెల్లకోటు వేసుకున్న మనిషి నోటివెంట వింటే ఇంకా బాగున్నాయి.

మట్టివల్ల క్రిములు చేరాయని చెప్పి పాత చుక్కలు ఆపేసి, క్రిములు చచ్చే చుక్కలు రాసిచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఊరికే ఉండలేదు. మట్టిలో ఏముంటుందో, చేతుల్లో ఏముంటుందో అంతా చెప్పాను. బావ నల్లకళ్ళద్దాల వెనక కండ్లు మూసుకుని, "ఆ మట్టి ఏం జేసింది పాపం" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

మరునాటికి నొప్పి తగ్గకపోగా తలలోకి పాకింది. ఆయన అన్నం సహించడం లేదన్నాడు. అక్క మజ్జిగ పోసి తాగించింది. నేను వరండాలో కూర్చుని ఆలోచించాను.

మా నాయన నన్ను చిన్నప్పుడు చిత్తూరులో ఒక బడి హాలులో జరిగే చర్చలకు తీసుకుపోయేవాడు. పూజలు, పుష్కరాలు, జాతకాలు, కులాలు, అన్నిటి మీదా అక్కడ వాదించుకునేవాళ్ళు. దాన్ని నడిపే పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. ఎదుటివాడి సాక్ష్యాన్ని ఒకసారి ప్రశ్నిస్తే, మనకు నచ్చిన సాక్ష్యాన్ని రెండుసార్లు ప్రశ్నించాలి. పెద్దవాళ్ళు కూడా ఆ పద్ధతి దగ్గర తడబడేవాళ్ళు. ఎవరికి వాళ్ళకు తమ సాక్ష్యం అంత ముద్దొస్తుంది.

నామంకొమ్ము నాకు ముద్దొచ్చిన సాక్ష్యం. జాతరలను తిట్టేవాడికి జాతర మట్టివల్లే కన్ను పోతోందంటే అంతకన్నా ఏం కావాలి? నాకు అంత బాగా సరిపోయింది కాబట్టే ఇప్పుడు అనుమానం వచ్చింది. డాక్టరుకు కూడా అంతే బాగా సరిపోయింది. నొప్పి ఎప్పుడు మొదలైందని ఆయన ఎందుకు అడగలేదు? కడుపునొప్పితో పోయినవాడిని కూడా అడిగే మొదటి ప్రశ్న కదా అది. మట్టి అని వినగానే ఆ ముఖం ఎందుకు తేటపడింది?

ఆపరేషను రోజు కూడా గుర్తుకొచ్చింది. కాఫీ తాగి వచ్చేలోపు అయిపోతుందని చెప్పి బావను లోపలికి తీసుకుపోయారు. ఆయన తర్వాత పోయిన ముసలమ్మ కంటికి కట్టుతో బయటికి వచ్చి, బన్ను తిని, మనవరాలితో ఇంటికి కూడా వెళ్ళిపోయింది. బావ రాలేదు. చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, "కొంచెం గట్టి శుక్లం, అయినా బాగా జరిగింది" అని, మేం లేచి నిలబడేలోపే పక్క గదిలోకి దూరాడు. బాగా జరిగింది అనే మాటకు ముందు అయినా అనే మాట ఎందుకు వచ్చిందని ఆ రోజు నేను అడగలేదు.

లేచి లోపలికి పోయాను.

"బావా, వేషం వేసిన రోజు కంట్లో మట్టి పడిందా?"

"యాడ పడేది? నల్లద్దాలు పెట్టుకొనే గదా పూసుకుంటి."

అక్క తలుపు దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. "నేనే పూసినాను మొగానికి. అద్దాలు పెట్టి, వాటి చుట్టూతా వదిలిపెట్టి పూసినాను. బైరాగికి నల్లద్దాలేందని వీధిలో పిలకాయలు ఒగటే నవ్వులు."

"నొప్పి ఎప్పుడు మొదలైంది బావా?"

"జాతరప్పుడే."

"జాతరకు ముందా, తర్వాతా?"

"నువ్వేమన్నా పోలీసోడివా? జాతరప్పుడని జెప్తిని గదా."

"ముందే" అంది అక్క.

"నువ్వు గమ్మునుండుమే!"

"ఎందాక ఉండేది గమ్మున? కన్ను పొయ్యేదాకనా?" అక్క వెల్లుల్లి చేట పక్కకు నెట్టింది. "కట్టు ఇప్పిన కొన్నాళ్ళకే మొదులైంది తమ్ముడా. చుక్కలు తగ్గించుకుంటా రమ్మన్నారు గదా ఆస్పత్రిలో. తగ్గించేకొద్దీ నెప్పి ఎక్కువవతా వచ్చింది. ఆ నల్లదుప్పటి కిటికీకి జాతర చాటింపు కాకముందే కట్టినాను. ఆస్పత్రికి పోదామంటే, ఇది డాక్టరుకు సంబందించింది కాదంటాడు. పోయినేడు వేషం ఎగ్గొట్టినాడంట, అమ్మ గురుతు చేస్తా ఉండాదంట. ఈ తూరి కడతా తల్లీ అని మొక్కుకున్నాడు. ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."

నేను నిలబడే ఉన్నాను. వేషంవల్ల నొప్పి అని డాక్టరు అన్నాడు, నేనూ అన్నాను. అసలు జరిగింది తిరగేసి ఉంది. నొప్పి వచ్చింది కాబట్టి వేషం కట్టాడు. నామంకొమ్ము ఆ ఇంట్లోకి వచ్చేసరికే కన్ను లోపల మండుతోంది.

"ఇది నిన్న డాక్టరుకు ఎందుకు చెప్పలేదు బావా?"

బావ లేచి కూర్చున్నాడు. కంటి మీద అరచెయ్యి పెట్టుకుని నావైపు తిరిగాడు. "నువ్వు పక్కన కూసోనుంటే ఎట్ట జెప్పేదప్పా? నెప్పి ముందరొచ్చిందంటే, మరి ఆస్పత్రికి ఎందుకు రాలేదంటారు. మొక్కుకున్నానని జెప్పాల. ఆడనే, డాక్టరు ముందరే మొదులుపెడ్తావు నువ్వు. ఆయనొకపక్క, నువ్వొకపక్క. ఒంటి కన్ను పెట్టుకొని ఇద్దర్నీ యాడ సూసేది?"

జవాబు చెప్పాలనిపించింది. చెబితే మళ్ళీ ఉపన్యాసమే అవుతుంది. కారు మాట్లాడటానికి బయటికి వచ్చాను.

పాత ఆసుపత్రికి తిరిగి వెళ్ళలేదు. సరిహద్దు దాటి తమిళనాడులో ఉన్న ఒక పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిపొడుగునా నాకు ఇంకో అనుమానం. వీళ్ళు మాత్రం నిజం చెబుతారని ఏమిటి నమ్మకం? పోటీ ఆసుపత్రి మీద నింద వెయ్యడం ఎవరికైనా సులువే. మనం భయపడి వచ్చామని ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. పక్కన బావ చీకటికోసం అక్క కొంగు తలమీద కప్పుకుని కూర్చున్నాడు.

అక్కడ చూసింది ఒక నడివయసు డాక్టరమ్మ. తెలుగు వచ్చు, మధ్యమధ్య తమిళం దొర్లుతుంది. బావ కంట్లోకి చూడకముందే ఆమె అడిగింది. "మొదట్నుంచి చెప్పండయ్యా."

నేను లేచి, "బయట ఉంటాను" అన్నాను. బావ నన్నొకసారి చూసి, "ఉండులే" అన్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు. చుక్కలు తగ్గించడం, నొప్పి, గంగమ్మ, పోయినేడు ఎగ్గొట్టిన వేషం, మొక్కు, నల్లద్దాలు. ఆమె నవ్వలేదు. "వలి మొదలా, వేషం మొదలా?" అని ఇంకోసారి ఖాయం చేసుకుంది. వలి అంటే తమిళంలో నొప్పి.

"వలే మొదలు" అన్నాడు బావ.

కంటికి స్కాను తీశారు. రెప్ప మూయించి దానిమీద చిన్న మర ఆనించారు. తెర మీద కనుగుడ్డు నల్లటి గిన్నెలాగా కనబడింది. దాని అడుగున తెల్లటి చుక్క ఒకటి ఉంది. "అటు చూడండి, ఇటు చూడండి" అని డాక్టరమ్మ అంటుంటే, బావ కన్ను కదిపినప్పుడల్లా ఆ చుక్క కూడా జారుతోంది.

"శుక్లం ముక్క. వెనక్కి పడిపోయి ఉండాది" అందామె.

"అది అక్కడ ఉంటే ఇంత వాపు ఎందుకు వస్తుంది? అది ఆయన కంటిదే కదా?" అని అడిగాను. నా గొంతులో వాదన ఉంది. ఆమె చిరాకు పడలేదు.

"కంటిదే. కానీ ఎప్పుడూ ఒక సంచిలో మూసి ఉంటుంది. ఆపరేషనులో ఆ సంచి చిరిగి ముక్క వెనక్కి పడితే, ఒళ్ళు దాన్ని తనదని గుర్తుపట్టదు. పరాయిదనుకుని పోట్లాడుతుంది. ఆ పోట్లాటే ఈ ఎరుపూ, వాపూ. మొదట్లో వేసిన చుక్కలు దాన్ని అణిచిపెట్టినాయి. తగ్గించేసరికి పైకి లేచింది. నిన్న అవి మొత్తానికే ఆపేసినారు, ఇంకా ముదిరింది."

"అంటే క్రిములు లేవంటారా?"

"లేవని నేను ఇప్పుడే చెప్పను. లోపలి నీళ్ళు కొంచెం తీసి పరీక్షకు పంపిస్తా. అవి ఉన్నా లేకపోయినా ఆ ముక్క తియ్యాల్సిందే. ఆలస్యమైతే చూపు పోతుంది. తీసినా మొత్తం చూపు వస్తుందని మాట ఇవ్వను."

తెలియనిదాన్ని తెలియదని చెప్పే మనిషిని నేను తొందరగా నమ్ముతాను. అది కూడా ఒక బలహీనతేనేమో. కానీ బావ బిగుసుకుపోయాడు.

"మళ్ళా కత్తా? ఒగరు పెట్టిందానికే ఈ గతి. వీళ్ళు ఇంకో ముక్క వదిలిపెడ్తే?"

"తెరమీద నేను చూశాను బావా."

"నువ్వు సూసినావు. నేను సూళ్ళేదు గదా."

దానికి ఆమె ఇంకోసారి స్కాను పెట్టించింది. ఈసారి తెరను బావ ఎడమకంటికి ఎదురుగా తిప్పించింది. మసకగానే చూశాడు. తన కన్ను కదిపితే అక్కడ తెల్లచుక్క జారడం చూసి, రెండు మూడుసార్లు కావాలనే అటూ ఇటూ కదిపాడు. "దొంగనాకొడుకు, దొర్లతా ఉండాడు" అన్నాడు. డాక్టరమ్మ అప్పుడు నవ్వింది. ఆపరేషనుకు ఒప్పుకున్నాడు.

ఆపరేషను గది ముందు ఒక గొడవ. బావ మొలతాడుకు గంగమ్మ కుంకం పొట్లం కట్టుకుని ఉన్నాడు. నర్సు ఒప్పుకోలేదు. బావ ఇవ్వనన్నాడు. అక్క మందులషాపుకు పోయి ఉంది. చివరికి ఆ పొట్లం విప్పి నా చేతిలో పెట్టి, "పారేసేవు, నా మీదొట్టు" అని లోపలికి పోయాడు. బావ బయటికి వచ్చేదాకా అది నా చొక్కాజేబులోనే ఉంది. నా నమ్మకాలకు దానివల్ల ఏ హానీ జరగలేదు. చొక్కాకు మాత్రం ఎర్రటి మరక అయింది.

ముక్క తీశారు. లోపలి నీళ్ళలో క్రిములేవీ కనబడలేదని పరీక్షలో తేలింది. నొప్పి ముందు తగ్గింది, ఎరుపు మెల్లగా తగ్గింది. చూపు వచ్చింది, మొత్తం రాలేదు. నేరుగా చూస్తే మనిషి ముఖం తెలుస్తుంది. అంచుల్లో పొగలాగా ఉంటుందట. చీకటి పడ్డాక కొండ దారి వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పగటిపూట సంగతి రెండో కంటిని బట్టి చూద్దామంది.

ఆ తర్వాత ఇద్దరం పాత ఆసుపత్రికి వెళ్ళాం. పోట్లాడాలని నేను బయలుదేరాను. బావ ఒకటే మాట అడగాలని వచ్చాడు. డాక్టరుకు ఎదురుగా కూర్చుని నిదానంగా అడిగాడు.

"సార్, ముక్క పడిన సంగతి ఆ పొద్దు మీకు తెలుసునా?"

డాక్టరు నావైపు చూశాడు. "అనుమానం వచ్చింది. చిన్నదే, దానంతటదే కరిగిపోతుందనుకున్నాను. చాలాసార్లు కరిగిపోతుంది కూడా" అన్నాడు.

"మరి మట్టి అంటిరే?"

"మట్టి సంగతి మీరే కదా చెప్పారు."

నేను కుర్చీలోంచి సగం లేచాను. బావ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. డాక్టరు తల వంచుకుని బల్లమీది పెన్ను తిప్పుతూ, "చెప్పి ఉండాల్సింది. తప్పే" అన్నాడు. కాస్త ఆగి, ఎడమకన్ను తానే చేస్తానని, ఈసారి ఏం జరిగినా ముందు ఆయనకే చెబుతానని అన్నాడు.

బయటికి వచ్చాక బావ టీ అంగడి దగ్గర ఆగాడు. "రెండోది ఈయనకాడే చేయిస్తా" అన్నాడు.

నేను ఊరుకోలేదు. దాచినవాడు మళ్ళీ దాస్తాడన్నాను. దొరికిపోయాక ఒప్పుకున్నది ఒప్పుకోవడం కాదన్నాను. డాక్టరమ్మ దగ్గరికి పోదామన్నాను.

బావ టీ ఊదుకుంటూ అంతా విన్నాడు. "ఘాటురోడ్డులో ఒగతూరి బండి గోడకు రాసినోడు ఆ మలుపుకాడ ఎట్ట పోతాడో నాకు తెల్సు. జాగర్తగా పోతాడు."

"మళ్ళీ గోడకు రాసినవాళ్ళు లేరా?"

"ఉండారు" అన్నాడు. ఆ మాట ఆయన దాచలేదు.

ఇది రాసేనాటికి ఎడమకంటి ఆపరేషను ఇంకా కాలేదు. మేమిద్దరం ఫోనులో ఇదే వాదించుకుంటున్నాం. ఆ డాక్టరు మీద నా అనుమానం పోలేదు, పోనివ్వాలని కూడా నాకు లేదు. గుడ్డు వెనక్కి ముక్క జారితే వెంటనే ఏం చెయ్యాలో, ఎక్కడికి పంపాలో ముందే అడిగి తెలుసుకోమని బావకు చెప్పాను. అడిగాడట. ఏం చెప్పాడో నాకు వరసగా అప్పజెప్పాడు. విన్నాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నమ్మకమూ కుదరలేదు. కన్ను మాత్రం ఆయనది.